అటక మీద ఎనిమిది పలకలు

మా అత్తగారు వీరవేణిగారు పన్నెండేళ్ళ పాటు నాతో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. కోపం ఉండి కాదు, గౌరవం ఉండి. వాళ్ళ ఇళ్ళలో అత్తగారు అల్లుడి ఎదురుగా నిలబడదు. నిలబడవలసి వచ్చినా పెదవి విప్పదు. నేనేమో ఇల్లరికపు అల్లుణ్ణి, ఇద్దరం ఉండేది ఒకే కప్పు కింద. అందుకని చెప్పవలసిందంతా వంటింటి తలుపు చాటు నుంచి నా భార్య రమణితో చెప్పేవారు, నేను వినాలని. "అమ్మాయ్, అల్లుడుగారు గొడుగు మర్చిపోయేరేమో చూడు" అంటే నేను గొడుగు తీసుకునేవాణ్ణి. నేనూ తక్కువ తినలేదు. "రమణీ, పులుసు బాగుందని మీ అమ్మగారితో చెప్పు" అనేవాణ్ణి. ఆవిడ మూడడుగుల దూరంలోనే ఉండేవారు. రమణికి ఒక్కోసారి ఒళ్ళు మండి, "నేనేమన్నా పోస్టాఫీసునా?" అనేది.

ఊరు అంబాజీపేట దాటాక వస్తుంది. నేను రోజూ బస్సెక్కి అమలాపురం వెళ్ళి కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాణ్ణి. ఊళ్ళో ఎవరికీ నా పేరు ఆంజనేయప్రసాద్ అని తెలియదు. వీరవేణిగారి అల్లుడు, అంతే. ఆ మాట అన్నవాళ్ళంతా మర్యాదగానే అనేవారు. అయినా విన్నప్పుడల్లా ఎక్కడో గుచ్చుకునేది.

ఆ గుచ్చుకోవడం వల్లనే కాబోలు, ముప్పై నాలుగేళ్ళ వయసులో పార్ట్‌టైం పిహెచ్.డి.కి చేరాను. విషయం, కరెంటు ఇస్తే వెలిగే ప్లాస్టిక్. అప్పటికి అలాంటి ప్లాస్టిక్ ఒకటుందని ప్రపంచానికి తెలిసి రెండేళ్ళే అయింది. పల్చటి పూతగా అద్దం మీద వేసి, పైన లోహపు పూత వేసి, కరెంటు ఇస్తే అదే వెలుగుతుంది. రేపు టీవీలు, గడియారాలు, అన్నీ దానితోనే చేస్తారని మా గైడుగారు విశాఖపట్నంలో బల్ల గుద్ది చెప్పేవారు. చిక్కు ఒక్కటే. అది వెలుగుతుంది, కాసేపటికి చచ్చిపోతుంది. గాలి తగిలితే చస్తుంది, తడి తగిలితే ఇంకా తొందరగా చస్తుంది. దాని ఆయుష్షు పెంచడమే నా పరిశోధన.

ఆ పని చెయ్యడానికి నేను ఎంచుకున్న చోటు కోనసీమ. ఇక్కడ శ్రావణంలో జాడీలో ఉప్పు నీరవుతుంది. అగ్గిపుల్ల గీస్తే మెత్తగా రాలిపోతుంది. ఇనప్పెట్టెలో పెట్టిన పట్టుచీరకు కూడా బూజు పడుతుంది. నా తెలివికి నన్నే మెచ్చుకోవాలి.

నాలుగు వేసవి సెలవులు విశాఖపట్నం ల్యాబులో గడిపాను. ప్లాస్టిక్ అణువు పొడుగాటి గొలుసు. దాని పక్కన నీటికి గిట్టని కొమ్మలు తగిలిస్తే తడి దగ్గరకు రాదని నా లెక్క. పదహారు సార్లు బంక వచ్చింది. పదిహేడోసారి వచ్చిన పదార్థం చెంచాడు కూడా లేదు. దాన్ని కరిగించి, పాత మిక్సీ మోటారుతో నేనే కట్టిన చక్రం మీద తిప్పి, ఎనిమిది చిన్న గాజు పలకలకు పూత పోశాను. అవి మామూలు గాజు కాదు, కరెంటు పారే పొర ఉన్నవి. మా గైడుగారు ఏదో విదేశపు సభకు వెళ్ళినప్పుడు అడిగి తెచ్చినవి. ఎనిమిదంటే ఎనిమిదే. పదార్థం కూడా వాటితోనే అయిపోయింది.

పూత నారింజ రంగులో వచ్చింది. కాలేజీలో ఉన్న ఊదారంగు లాంపు కింద పెడితే నిప్పు కణికలా ఎర్రగా మెరిసేది. ఆ మెరుపు ఆరోగ్యానికి గుర్తు. మెరుస్తుంటే బతికి ఉన్నట్టు. ఒక ఆదివారం ఆ లాంపును, ఒక పలకను ఇంటికి తెచ్చి, కిటికీ తలుపులు మూసి రమణికి చూపించాను. తలుపు చాటున గాజుల చప్పుడైంది.

"అమ్మాయ్, వత్తీ లేదు, నూనె లేదు, అదెలా వెలుగుతోందో అల్లుడుగార్ని అడుగు."

"రమణీ, ఇది అరువు వెలుగని చెప్పు. లాంపు తీసేస్తే పోతుంది. హైదరాబాదు తీసుకెళ్ళి కరెంటు ఇస్తే అప్పుడు తనంతట తను వెలుగుతుంది."

ఆ రోజు నుంచి ఆవిడ వాటిని అల్లుడుగారి పలకలు అనేవారు. పేరంటానికి వచ్చినవాళ్ళతో కూడా చెప్పేవారట.

హైదరాబాదులో పైన లోహపు పూత వెయ్యడానికి కావలసిన యంత్రం ఉన్న సంస్థలో సాలమోను పనిచేసేవాడు. రాజోలు వాడు, నాతో అమలాపురంలో డిగ్రీ చదివాడు. ఎవరెవరినో బతిమాలి డిసెంబరు తొమ్మిది నుంచి ఒక వారం నాకు ఆ యంత్రం ఇప్పించాడు. నా రిజిస్ట్రేషను డిసెంబరు ముప్పై ఒకటితో అయిపోతుంది. ఒకసారి పొడిగించారు, మళ్ళీ పొడిగించరు. ఆ వారంలో ఒక్క పలక వంద గంటలు వెలిగితే థీసిస్ ఉంది. వెలగకపోతే నాలుగేళ్ళూ నీళ్ళలో పోసినట్టు. అది తొంభై ఆరో సంవత్సరం.

నవంబరు ఆరున తుఫాను వచ్చింది.

దాని గురించి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. మర్నాడు పడిపోయిన కొబ్బరిచెట్లు ఎక్కుతూ దిగుతూ అమలాపురం నడిచి వెళ్ళాను. ల్యాబు కప్పు రేకులు పక్క వీధిలో పడి ఉన్నాయి. బీరువా కింది అరలో నా డెసికేటర్ మాత్రం చెక్కుచెదరలేదు. అది మూత ఉన్న దళసరి గాజు పాత్ర. అడుగున తడి పీల్చే నీలం గోళీలుంటాయి, పైన నా ఎనిమిది పలకలు. దాన్ని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పది మైళ్ళు వెనక్కి నడిచాను. దారిలో మనుషులు ఏడుస్తున్నారు. నేను పలకల గురించి ఆలోచిస్తున్నాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కరెంటు లేదు. నెల దాకా రాదన్నారు. నాలుగో రోజుకు నీలం గోళీలు గులాబీ రంగుకు తిరిగాయి. అంటే అవి తాగగలిగినంత తడి తాగేశాయి. కాలేజీలో అయితే వాటిని కరెంటు ఓవెన్లో వేడి చేస్తాం. ఇక్కడ ఓవెన్ ఎక్కడిది? వంటింట్లోకి వెళ్ళి, రమణి చేత మూకుడు పెట్టించి, గోళీల్ని శనగల్లా వేయించాను. మెల్లమెల్లగా మళ్ళీ నీలం అయ్యాయి. మా అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుని అంతా ఓరగా చూస్తూనే ఉన్నారు. ఆవిడ వినాలనే రమణితో అన్నాను.

"ఇవి గులాబీ రంగు అయ్యాయంటే తడి లోపలికి వచ్చినట్టు. తడి తగిలిందంటే నా నాలుగేళ్ళూ పోయినట్టే. పలకలు పొడిగా ఉండాలి, అంతే."

పొడిగా ఉండాలి, అంతే. మూడు ముక్కలు. క్లాసులో గంటసేపు ఊదరగొట్టేవాణ్ణి, ఆ రోజు ఇంకో నాలుగు ముక్కలు చెప్పలేకపోయాను.

మర్నాడే ప్రభుత్వం వాళ్ళు లెక్చరర్లందరినీ నష్టాల లెక్కకు వేశారు. నన్ను సముద్రం వైపు ఊళ్ళకు పంపారు. పదకొండు రోజులు. పడిపోయిన ఇళ్ళు, చచ్చిపోయిన పశువులు, కనపడని మనుషులు, అన్నీ ఫారాల్లో నింపాను. ఒక ఫారంలో ఒక తల్లి కూతురి వయసు చెప్పబోయి, చెప్పలేక నా చేతిలో పెన్ను లాక్కుని తనే రాసింది. ఆ పదకొండు రోజుల్లో పలకలు నాకు రెండుసార్లు కంటే గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చేసరికి హాల్లో డెసికేటర్ ఖాళీగా ఉంది. అడుగున గోళీలు గులాబీ రంగులో ఉన్నాయి.

నా మొహం చూసి రమణి ఏదో చెప్పబోయేలోపల తలుపు చాటు నుంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, అల్లుడుగార్ని కంగారు పడొద్దని చెప్పు. గోళీలు రంగు తిరిగేయి కదాని పలకలు తీసి అటకెక్కించేను. ఒక్క చుక్క తడి తగల్లేదు. రోజూ తిప్పి పెడతన్నాను."

ఇక్కడ కురిడీల సంగతి చెప్పాలి. ముదురు కొబ్బరికాయల్ని వంటింటి పైన అటక మీద పరిచి, కింద పొయ్యి పొగ తగిలేలా ఏడాది ఉంచితే లోపల నీరంతా ఇంకిపోయి కాయ గలగలమంటుంది. అదే కురిడీ. మా అత్తగారి కురిడీలు అంబాజీపేటలో కళ్ళు మూసుకుని కొనేవారు. అటక మీది వెదురు బద్దల మధ్య ఎంత సందు వదలాలో, ఏ కాయను ఏ వారం తిప్పాలో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. విత్తనాలు, అగ్గిపెట్టెలు, పొలం దస్తావేజులు, తడవకూడనిది ఏదున్నా ఆవిడ అటకెక్కించేవారు. కోనసీమలో వానాకాలంలో కూడా పొడిగా ఉండే చోటు ఇంటికి అదొక్కటే. పైగా నా గోళీలు ఆ పొయ్యి మీదే నీలం అవడం ఆవిడ కళ్ళారా చూశారు.

నిచ్చెన ఎక్కాను. వెదురు బద్దల సందుల్లో ఎనిమిది పలకలూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. మూత లేదు, గుడ్డ లేదు. మూసిపెడితే గాలాడక కాయ కుళ్ళుతుంది మరి. వాటి చుట్టూ అటకంతా ఖాళీ. ఆ ఏటి కురిడీలన్నీ దించేసి, వంటింటి మూల తడినేల మీద పోశారు. వాటిలో సగం అప్పటికే బూజు పట్టి కుళ్ళుతున్నాయి. తుఫానులో చెట్లు చాలావరకు పోయాక ఇంట్లో మిగిలిన కాయలు అవే.

కింద పొయ్యిలో పచ్చి కొబ్బరి డొక్కలు సుళ్ళు తిరుగుతూ పొగ కక్కుతున్నాయి. ఎండు పుల్ల ఎక్కడా దొరకని రోజులు. నా కళ్ళు మండాయి.

కోపం వచ్చింది. అరవాలనిపించింది. ఎవరి మీద అరవను? అత్తగారి మీద అల్లుడు అరవడు. ఆవిడను తిట్టి చెప్పమని కూతురితో చెప్పడం కంటే నీచం ఇంకోటి లేదు. నిచ్చెన మీద అలాగే నిలబడ్డాను. పై నుంచి చూస్తే తలుపు వెనక ఆవిడ చేయి కనపడింది. మణికట్టు దగ్గర బొబ్బలు. పదకొండు రోజులు ఆ పొయ్యి ఆరనివ్వలేదట.

పూత మాత్రం నారింజ రంగులోనే ఉంది. పొగమసి రంగు కూడా దాదాపు అదే కాబట్టి తేడా తెలియదు. లాంపు పెట్టి చూద్దామంటే కరెంటు లేదు. అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది, నొక్కేసుకున్నాను.

"రమణీ, మంచి పని చేశారని మీ అమ్మగారితో చెప్పు" అన్నాను.

డిసెంబరు తొమ్మిదిన హైదరాబాదులో, నేను పలకలు సర్దుకొచ్చిన పెట్టె మూత సాలమోను తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని పకపకా నవ్వాడు.

"ఏరా ప్రసాదూ, పలకలు తెమ్మంటే మీ అత్తారి కురిడీలు తెచ్చేవేంట్రా?"

నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు. పలకల్ని ఒక్కొక్కటీ లాంపు కింద పెట్టాడు. మొదటిది మెరవలేదు. రెండోదీ అంతే. ఏడు అయ్యాయి. సాలమోను నావైపు చూడటం మానేశాడు. ఎనిమిదో పలకకు అడుగు అంచున, వెదురు బద్ద సందులో దిగబడి పొగ తగలని చోట, అగ్గిపుల్లంత మేర ఎర్రగా మెరిసింది.

"దీనికి వేద్దాంరా పూత. వచ్చినంత వస్తాది" అన్నాడు.

వేశాం. కరెంటు ఇచ్చాం. ఆ అగ్గిపుల్లంత గీత వెలిగింది. అరువు వెలుగు కాదు, దాని సొంత వెలుగు. నారింజ రంగు, కదలకుండా, స్థిరంగా. పదకొండు నిమిషాలు వెలిగి, ఓ చివర నుంచి నల్లబడుతూ వచ్చి ఆరిపోయింది. నాలుగేళ్ళలో నేను కన్నదంతా ఆ పదకొండు నిమిషాల్లో చూశాను.

"పొగ తగిలిన పలక పదకొండు నిమిషాలా?" అన్నాడు సాలమోను. "నీ మందు మంచిదేరా. ఒక్క పలక శుభ్రంగా ఉండుంటేనా..."

అనకపోతే బాగుండేది. నా లెక్క తప్పని తేలితే ఆ రోజుతో మర్చిపోయేవాణ్ణి.

తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాకా ఒకటే ఆలోచన, ఆవిడకేం చెప్పాలి? నిజం చెబితే ఆవిడ భరించలేరు. చేతులు కాల్చుకుని, తన కాయల్ని కుళ్ళబెట్టుకుని చేసిన పని. కానీ ఈ అబద్ధాన్ని రమణితో చెప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. మధ్యలో ఒకళ్ళుంటే ఆవిడకు నమ్మకం కుదరదేమో. నేనే చెప్పాలి. నా నోటితో, ఎదురుగా.

ఇంటికి చేరేసరికి రమణి కాలవకు వెళ్ళింది. వంటింట్లో ఆవిడొక్కరే ఉన్నారు. నన్ను చూసి తలుపు వెనక్కి తప్పుకున్నారు. చెప్పులు విడిచి, వంటింటి గడప దాకా వెళ్ళాను. పన్నెండేళ్ళలో ఆవిడతో నేరుగా మాట్లాడటానికి వెళ్ళింది అదే మొదలు.

"అత్తయ్యగారండీ, పలకలు వెలిగేయండి. చాలా బాగా వెలిగేయి. మీరు అటకెక్కించబట్టే దక్కేయండి."

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. తలుపు వెనక నుంచి ఆవిడ గొంతు వచ్చింది. కూతురితో కాదు, నాతో.

"ఆయ్. సంతోషమండి."

ఆవిడ నాతో నేరుగా అన్న మాటలు జీవితం మొత్తం మీద ఆ రెండే. ఆ రోజు నా గొప్పతనానికి నేనే పొంగిపోయాను. ఓడిపోయి వచ్చి కూడా ఇంకొకరి మనసు కాపాడానని. రమణికి మాత్రం నిజం చెప్పి, వాళ్ళమ్మకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాను.

జనవరిలో యూనివర్సిటీ నుంచి రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. రిజిస్ట్రేషను రద్దయింది. మా గైడుగారు కొత్త విద్యార్థిని తీసుకున్నారు. నేను పాఠాలు చెప్పుకున్నాను. వీరవేణిగారి అల్లుడిగానే ఉన్నాను.

మరుసటి ఏడు మా ఇంట్లో కురిడీలు వెయ్యలేదు. మిగిలిన చెట్ల కాయల్ని పచ్చివే అమ్మేశారు. ఎందుకని అడిగితే, "అమ్మ కళ్ళకు పొగ పడట్లేదంటండి" అంది రమణి. తర్వాతి ఏడూ అంతే. తర్వాత గ్యాసు పొయ్యి వచ్చింది. అంబాజీపేట వ్యాపారులు రెండు మూడేళ్ళు వచ్చి అడిగి, ఊరుకున్నారు.

రెండువేల తొమ్మిదిలో, నా దగ్గర చదివి మా డిపార్ట్‌మెంటులోనే చేరిన బ్లెస్సీ అనే అమ్మాయి కొత్త ఫోను తెచ్చి చూపించింది.

"సార్, దీని స్క్రీను వెనక లాంపు లేదండి. మీరు క్లాసులో చెప్పేవారు కదండి, తనంతట తనే వెలుగుతాదని. అదేనండి ఇది."

నా ప్లాస్టిక్ కాదు, దాని దాయాది. చేతిలోకి తీసుకుని చూశాను. చాలా బాగుంది. కుళ్ళుకున్నాను. అబద్ధమెందుకు, ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ ఏడే శ్రావణంలో మా అత్తగారు పోయారు. సంవత్సరీకం అయ్యాక పాత వంటిల్లు విప్పించాలనుకున్నాం. అటక మీద ఏమన్నా ఉన్నాయేమోనని నిచ్చెన వేసి ఎక్కాను. తుఫాను ఏడు తర్వాత నేను అటకెక్కడం అదే మొదలు.

ఏమీ లేవు. వెదురు బద్దలు శుభ్రంగా కడిగి ఉన్నాయి. మసి లేదు. ఎప్పుడో పదమూడు పద్నాలుగేళ్ళ కిందట ఎవరో కొబ్బరిపీచుతో ప్రతి బద్దనూ రుద్ది రుద్ది కడిగిన గీతలు కనపడుతున్నాయి. పొగ పడనివాళ్ళు అటక మానేస్తారు గానీ, దాన్ని కడగరు.

"రమణీ, మీ అమ్మకు తెలుసా?" అన్నాను పై నుంచి.

రమణి నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

"ఆయ్. తెలుసండి."

"ఒట్టేశావు కదా. చెప్పేశావా?"

"నేనెందుకు చెప్తానండి? మీరే చెప్పేరు. ఆ రోజు నేను కాలవ నుంచి వచ్చేసరికి అమ్మ ఏడుస్తోంది. 'పలకలు వెలిగుంటే ఆయన ఎప్పట్లాగే నీతో చెప్పించేవారే. గడప దాకా వచ్చి నాతో చెప్పేరంటే, నా చేత్తో నేనే పాడు చేసేనన్నమాట' అంది. ఆ సాయంత్రమే అటకంతా కడిగింది. మీకు తెలిసిపోతే మీరు బాధపడతారని నా చేత ఒట్టు వేయించుకుంది."

రెండు వైపులా రెండు ఒట్లు. ఏ ఉత్తరం ఎవరికీ అందించకుండా పదమూడేళ్ళు మోసింది ఆ పోస్టాఫీసు.

తప్పు నాది. గాలి తగలకూడదు, పొగ తగలకూడదు అని ఆ రోజు మూకుడు ముందు ఇంకో నాలుగు మాటలు అనవలసింది నేను. ఆవిడ తనకొచ్చిన విద్యంతా నాకోసం పెట్టి, అదే పాపమైందనుకుని, ఆ విద్యనే వదిలేసుకున్నారు. ఇది చెప్పాలి. ఇప్పుడైనా చెప్పాలి. అలవాటు కొద్దీ వంటింటి తలుపు వైపు తిరిగి,

"రమణీ, మీ అమ్మగారితో చెప్పు..." అని మొదలుపెట్టాను.

తలుపు చాటున ఎవరూ లేరు.